పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యేనా? కాగితం, ఫోన్ దగ్గర పెట్టుకుని తేల్చుకునే పద్ధతి

నల్లగొండలో లెక్కల ట్యూషన్ చెప్తున్నప్పటి నుంచి పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఇంత పెద్ద సంఖ్య ఇచ్చారు, ఇది ప్రైమా కాదా ఎట్లా చెప్పాలె?" మొన్న ఒక తొమ్మిదో తరగతి బాబు మన ఊరి పిన్‌కోడ్ 508001 రాసుకొచ్చి, "సార్, పదకొండు దాకా చూసిన. దేంతోనూ పోతలేదు. ప్రైమే" అన్నాడు. తప్పు. 13తో పోతుంది. వాడు చేసినంతవరకు లెక్కలో పొరపాటు లేదు, ఎక్కడిదాకా చూడాలో తెలియక మధ్యలో ఆగాడు, అంతే.

అందుకే ఇది రాస్తున్నాను. ఒక్క మాట ముందే గట్టిగా పట్టుకోండి: "ఇప్పటిదాకా దేంతోనూ పోలేదు" అన్నంత మాత్రాన అది ప్రధాన సంఖ్య అయిపోదు. హద్దు దాకా చూశాకే ఆ మాట అనాలి.

కావలసినవి

- రఫ్ నోటు, పెన్ను.
- 1000 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక. మొత్తం 168 ఉంటాయి, అందులో 100 లోపువి 25. పట్టిక దొరక్కపోతే మీరే తయారు చేసుకోండి. 2 నుంచి 1000 దాకా రాసి, 2ను ఉంచి దాని గుణిజాలన్నీ కొట్టేయండి, తర్వాత 3వి, 5వి, 7వి, అలా 31 దాకా. మిగిలినవన్నీ ప్రధాన సంఖ్యలే. ఒక పూట పని, కానీ ఆ కాగితం ఏళ్ల తరబడి పనికొస్తుంది.
- మామూలు క్యాలిక్యులేటర్. ఆరేడు అంకెల సంఖ్యలకు ఇది చాలు.
- అంతకంటే పెద్దవాటికి పైథాన్ (ప్రోగ్రాంలు రాసే కంప్యూటర్ భాష) ఉన్న కంప్యూటర్ గానీ, పైథాన్ యాప్ వేసుకున్న ఫోన్ గానీ.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్తాను. 1 కంటే పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప ఇంకే సంఖ్యతోనూ శేషం లేకుండా పోనిది ప్రధాన సంఖ్య. పోయేది సంయుక్త సంఖ్య. 1 రెండింటిలోనూ చేరదు. 2 మాత్రం ప్రధాన సంఖ్యే, సరి సంఖ్యల్లో అదొక్కటే.

ఉదాహరణలన్నీ మన దగ్గరి పిన్‌కోడ్‌లతోనే చేద్దాం: నల్లగొండ 508001, మహబూబ్‌నగర్ 509001, మిర్యాలగూడ 508207, సూర్యాపేట 508213.

మెట్టు 1. చివరి అంకె, అంకెల మొత్తం

చివరి అంకె 0, 2, 4, 6, 8 అయితే 2తో పోతుంది. 5 అయినా 0 అయినా 5తో పోతుంది. అంకెలన్నీ కూడితే వచ్చేది 3తో పోతే సంఖ్య కూడా 3తో పోతుంది.

మహబూబ్‌నగర్ 509001: 5+0+9+0+0+1 = 15. 3తో పోతుంది. 509001 = 3 × 169667. ఇక్కడితో దాని కథ అయిపోయింది, సంయుక్త సంఖ్య. మిగిలిన మూడూ ఈ మెట్టు దాటుతాయి.

మెట్టు 2. మూడేసి అంకెలు విడగొట్టండి (7, 11, 13 ఒకేసారి)

నాకు బాగా ఇష్టమైన మెట్టు ఇది. పిల్లలకు దీన్ని నేర్పితే సగం టెన్షన్ పోతుంది. 7 × 11 × 13 = 1001. కాబట్టి సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడగొట్టి, ఒక గుంపు కూడుతూ తర్వాతి గుంపు తీసేస్తూ పోతే, మిగిలిన చిన్న సంఖ్య 7, 11, 13లలో దేనితో పోతే అసలు సంఖ్యా దానితో పోతుంది. ఆరంకెల సంఖ్యకైతే రెండు గుంపుల తేడా చూస్తే చాలు.

నల్లగొండ: 508 − 001 = 507. 507 = 13 × 39. అంటే 508001 కూడా 13తో పోతుంది. భాగించి చూస్తే 13 × 39077. ఆ 39077 మళ్లీ 23 × 1699. 1699 ప్రధాన సంఖ్య. కాబట్టి 508001 = 13 × 23 × 1699. ఆ బాబు ఇంకొక్క అడుగు వేసుంటే దొరికేది.

మిర్యాలగూడ: 508 − 207 = 301 = 7 × 43. కాబట్టి 508207 ఏడుతో పోతుంది, 7 × 72601.

సూర్యాపేట: 508 − 213 = 295. 7తో భాగిస్తే శేషం 1, 11తో 9, 13తో 9. మూడింటితోనూ పోదు. ఇది గట్టిది, దీన్ని ముందుకు తీసుకెళ్దాం.

*జాగ్రత్త:* మనం లక్షల పద్ధతిలో కామాలు పెడతాం, 5,08,001 అని. ఆ కామాల ప్రకారం 5, 08, 001 అని విడగొట్టేవాళ్లు చాలామంది. అలా చేస్తే లెక్క చెడుతుంది. ఈ మెట్టులో కామాలను పట్టించుకోవద్దు, కుడి చివర నుంచి మూడంకెలు లెక్కబెట్టి గీత గీయండి. ఎడమ నుంచి విడగొట్టడం కూడా తప్పే. ఆరంకెల సంఖ్యకు ఎటు నుంచైనా ఒకేలా వస్తుంది కాబట్టి అక్కడ తప్పు బయటపడదు, ఏడంకెల సంఖ్య రాగానే దెబ్బ కొడుతుంది.

పదంకెల సంఖ్యకు ఉదాహరణ: 2147483647. గుంపులు 2 | 147 | 483 | 647. కుడి నుంచి 647 − 483 + 147 − 2 = 309. 309ని 7తో భాగిస్తే శేషం 1, 11తో 1, 13తో 10. మూడింటితోనూ పోదు.

ఇదే గుంపులను తీసేయకుండా అన్నిటినీ కూడితే 37 సంగతి తెలుస్తుంది, ఎందుకంటే 999 = 27 × 37. సూర్యాపేటకు 508 + 213 = 721. 721ని 37తో భాగిస్తే శేషం 18. పోదు.

మెట్టు 3. హద్దు కట్టండి

ఎక్కడిదాకా భాగించాలి? సంఖ్య వర్గమూలం దాకా. ఎందుకంటే సంఖ్యను రెండు కారణాంకాలుగా విడగొడితే రెండూ ఒకేసారి వర్గమూలం కంటే పెద్దవి కాలేవు, అప్పుడు లబ్ధం సంఖ్యను దాటిపోతుంది. అందుకే చిన్నది ఎప్పుడూ హద్దు లోపలే ఉంటుంది.

సూర్యాపేటకు: 712 × 712 = 506944. 713 × 713 = 508369, ఇది 508213ను దాటింది. కాబట్టి హద్దు 712. పట్టికలో 712 లోపు చివరి ప్రధాన సంఖ్య 709. 2 నుంచి 709 దాకా మొత్తం 127 ప్రధాన సంఖ్యలు. అందులో 2, 3, 5 మొదటి మెట్టులోనే అయిపోయాయి. మిగిలినవి 124.

హద్దు దగ్గర జరిగే తప్పు ఒకటి చెప్పాలి. "వర్గమూలం కంటే చిన్నవి చూస్తే చాలు" అనుకుని వర్గమూలాన్నే వదిలేస్తారు. 1681ని అలా చూస్తే ప్రధాన సంఖ్యలాగే కనిపిస్తుంది. కానీ 41 × 41 = 1681. హద్దు కూడా లెక్కలోకి వస్తుంది. ప్రోగ్రాం రాసే పిల్లలు ఎక్కువగా పడేది ఈ గుంతలోనే. "చిన్నది" అన్న గుర్తు కాదు, "చిన్నది లేదా సమానం" గుర్తు పెట్టాలి.

మెట్టు 4. భాగించుకుంటూ పోండి

పట్టికలోని ప్రధాన సంఖ్యలతో మాత్రమే భాగించండి. 9, 15, 21 లాంటి వాటితో చూడటం వృథా. 3తో పోని సంఖ్య 9తో పోయేది లేదు.

క్యాలిక్యులేటర్‌తో శేషం తీయడం ఇలా: 508213 ÷ 17 నొక్కితే 29894.88 అని వస్తుంది. చుక్క ముందు భాగం తీసుకుని 29894 × 17 = 508198 చేయండి. 508213 − 508198 = 15. శేషం 15. చుక్క తర్వాత ఏమీ లేకపోతేనే పోయినట్టు.

మీ చేయి సరిగ్గా తిరుగుతుందో లేదో చూసుకోవడానికి 508213కు మొదటి కొన్ని శేషాలు ఇస్తున్నాను:

17కు 15. 19కు 1. 23కు 5. 29కు 17. 31కి 30. 37కు 18. 41కి 18. 43కు 39. 47కు 2.

19 దగ్గర 1, 47 దగ్గర 2 చూశారా? కొద్దిలో తప్పిపోయాయి. ఇలాంటి చోట క్యాలిక్యులేటర్‌లో 26748.05 అని చూసి "దాదాపు పోయింది" అనుకునేవాళ్లుంటారు. శేషం సున్నా అయితేనే పోయినట్టు.

పైన 37కు శేషం 18 అని రెండు దారుల్లో వచ్చింది, ఒకసారి గుంపులు కూడి, ఒకసారి భాగించి. ఇలా రెండు దారుల్లో ఒకే జవాబు రావడమే చేతి లెక్కకు మంచి తనిఖీ.

ఒక్కో భాగహారానికి 20 సెకన్లు వేసుకున్నా 124కు 40 నిమిషాలు పైనే పడుతుంది. ఒక్కరే కూర్చుంటే మధ్యలో విసుగొచ్చి ఒకటి రెండు వదిలేస్తారు. అందుకే మా దగ్గర నలుగురు పిల్లలకు తలా 31 పంచాను. ఒక్కొక్కరు తమ వాటా సంఖ్య, శేషం పక్కపక్కన రాసి, పక్కవాళ్లతో మార్చుకుని ఐదైదు తిరిగి చూశారు. దేంతోనూ పోలేదు. 508213, అంటే సూర్యాపేట పిన్‌కోడ్, ప్రధాన సంఖ్య. ఆ సాయంత్రం సూర్యాపేట నుంచి వచ్చే అమ్మాయి ముఖం వెలిగిపోవడం చూడాల్సింది. ఇంటికి వెళ్లగానే వాళ్ల నాన్నకు చెప్పిందట.

మీరు చేసినా శేషాలన్నీ రాసిపెట్టండి. "చూశాను, పోలేదు" అన్న మాటకు సాక్ష్యం ఆ కాగితమే.

ఈ నాలుగు మెట్లలో తరచుగా జరిగే తప్పులు

చూడగానే ప్రధాన సంఖ్యల్లా కనిపించి మోసం చేసేవి కొన్నున్నాయి: 51 (3 × 17), 57 (3 × 19), 87 (3 × 29), 91 (7 × 13), 119 (7 × 17), 133 (7 × 19), 161 (7 × 23), 221 (13 × 17), 299 (13 × 23). వీటిని నోటికి పట్టేయండి. పరీక్షల్లో 91 ఎంతమంది మార్కు తీసుకుపోయిందో లెక్క లేదు.

రెండోది: 3 కంటే పెద్ద ప్రధాన సంఖ్య ఏదైనా 6 గుణిజానికి ఒకటి ఎక్కువగానో ఒకటి తక్కువగానో ఉంటుంది. ఇది నిజం. దీన్ని తిరగేసి, 6 గుణిజం పక్కన ఉన్నదల్లా ప్రధాన సంఖ్యే అంటారు. అది అబద్ధం. 25, 35, 49, 55 అన్నీ అలాగే ఉంటాయి, ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదు.

మూడోది ఎక్సెల్. ఎక్సెల్ 15 అంకెల దాకానే గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాతి అంకెలను సున్నాలు చేస్తుంది. 147573952589676412927 అని కొట్టి చూడండి, లోపల 147573952589676000000 అయి కూర్చుంటుంది. బేసి సంఖ్య మీ కళ్ల ముందే సరి సంఖ్య అయిపోతుంది. పెద్ద సంఖ్యలకు ఎక్సెల్ వద్దు. పైథాన్‌లో కూడా శేషానికి శాతం గుర్తే వాడాలి. ఒంటి వాలు గీత (/) పెట్టి భాగిస్తే దశాంశం వచ్చి, పెద్ద సంఖ్యల దగ్గర చివరి అంకెలు పోతాయి.

మెట్టు 5. అంకెలు పదిహేను దాటితే: శాంపిల్ పరీక్ష

ఇరవై అంకెల సంఖ్యకు వర్గమూలం పదంకెలు ఉంటుంది. అన్ని ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ కూర్చోవడం చేతితో అయ్యే పని కాదు. ఇక్కడ వేరే దారి ఉంది. మిర్యాలగూడ మిల్లుల దగ్గర బస్తా మొత్తం కుమ్మరించరు, బస్తాలోకి గుచ్చి గుప్పెడు బియ్యం తీసి చూస్తారు. గుప్పెట్లో నూక కనిపిస్తే బస్తా పక్కన పెట్టేస్తారు. ఇదీ అలాంటిదే.

ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా 1640లో చెప్పిన నియమం: మన సంఖ్య 2 కాని ప్రధాన సంఖ్య అయితే, 2ను "సంఖ్య కంటే ఒకటి తక్కువ" సార్లు గుణించి ఆ సంఖ్యతో భాగిస్తే శేషం కచ్చితంగా 1 రావాలి. 1 రాకపోతే అది సంయుక్త సంఖ్య, సందేహమే లేదు.

చేతితో 91 మీద చేద్దాం. 2ను 90 సార్లు గుణించాలి. 12 సార్లు గుణిస్తే 4096. 91 × 45 = 4095, కాబట్టి శేషం 1. 90లో 12లు ఏడు పోతే 84, మిగిలింది 6. 2ను 6 సార్లు గుణిస్తే 64. శేషం 64, 1 కాదు. 91 సంయుక్త సంఖ్య అని తేలిపోయింది. 7, 13 ఎక్కడా కనబడకుండానే తేలింది చూడండి. నాకు ఈ లెక్కలో ఎప్పుడూ అబ్బురం అనిపించేది అదే.

పైథాన్‌లో "పౌ" (pow) అనే ఫంక్షన్ ఉంది (ఆంగ్లంలో మూడక్షరాలు, ఘాతం అన్న మాటకు మొదటి మూడు). బ్రాకెట్లో మూడు సంఖ్యలు కామాలతో ఇవ్వాలి: 2, సంఖ్య కంటే ఒకటి తక్కువ, సంఖ్య. చూసుకోవడానికి రెండు జవాబులు:

- 2, 508212, 508213 ఇస్తే 1 రావాలి.
- 2, 508000, 508001 ఇస్తే 332517 రావాలి.

ఇవి రాకపోతే ఎక్కడో అంకె తప్పు కొట్టారు.

*జాగ్రత్త:* ముందు ఘాతం కట్టి, ఆ తర్వాత శాతం గుర్తుతో భాగించకండి. 508212కే లక్షన్నర అంకెల సంఖ్య తయారవుతుంది. ఇరవై అంకెల సంఖ్యకు అలా చేస్తే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. మూడు సంఖ్యలూ కలిపి ఇస్తే అది ప్రతి అడుగులోనూ శేషం తీసుకుంటూ పోతుంది, రెప్పపాటులో జవాబు వస్తుంది.

ఇప్పుడు అసలు హెచ్చరిక. శేషం 1 వచ్చినంత మాత్రాన ప్రధాన సంఖ్య అని రాసేయకండి. గుప్పెట్లో నూక రాలేదు, అంతే. 341 = 11 × 31. 2ను 10 సార్లు గుణిస్తే 1024, 341 × 3 = 1023, శేషం 1. కాబట్టి 340 సార్లు గుణించినా శేషం 1. సంయుక్త సంఖ్య పరీక్ష పాసైంది. 2 బదులు 3తో చేస్తే శేషం 56 వచ్చి దొరికిపోతుంది. 91ది దీనికి రివర్సు. 2తో దొరుకుతుంది, 3తో చేస్తే తప్పించుకుంటుంది (3ను 6 సార్లు గుణిస్తే 729, 91 × 8 = 728).

ఇంకా మొండివి ఉన్నాయి. 561 = 3 × 11 × 17. తనతో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యతో చేసినా శేషం 1 ఇస్తుంది. వీటిని కార్మైకేల్ సంఖ్యలు అంటారు. రామానుజన్ పేరుతో అందరికీ తెలిసిన 1729 కూడా ఈ గుంపులోదే, 7 × 13 × 19.

మెట్టు 6. గట్టి పరీక్ష (మిల్లర్–రాబిన్)

561 లాంటివాటిని కూడా పట్టేది ఇది. చేసే విధానం:

1. సంఖ్యలోంచి 1 తీసేయండి. వచ్చినదాన్ని 2తో పోయినంతసేపు భాగించండి, బేసి సంఖ్య మిగిలేదాకా. 561కి: 560 → 280 → 140 → 70 → 35.
2. 2ను ఆ బేసి సంఖ్య అన్ని సార్లు గుణించి శేషం తీయండి. 35 సార్లకు శేషం 263.
3. దాన్ని వర్గం చేస్తూ శేషం తీస్తూ రండి: 70కి 166, 140కి 67, 280కి 1. సగం దగ్గర, అంటే 280 దగ్గర ఆగాలి.
4. మొదటి శేషమే 1 అయినా, వరుసలో ఎక్కడైనా "సంఖ్య కంటే ఒకటి తక్కువ" కనిపించినా పాస్. లేకపోతే సంయుక్త సంఖ్య.

561కి వరుస 263, 166, 67, 1. మొదటిది 1 కాదు, 560 ఎక్కడా లేదు. ఫెయిల్. సంయుక్తం.

508213కి 508212 = 4 × 127053. వరుసలో రెండే ఉంటాయి, 127053 దగ్గర ఒకటి, 254106 దగ్గర ఒకటి. రెండోది 508212 వస్తుంది, అంటే పాస్.

పాసైతే నమ్మొచ్చా? ఒక్క 2తో అయితే నమ్మలేం. 2047 = 23 × 89, అది 2తో పాసైపోతుంది. కానీ హద్దులు తేలి ఉన్నాయి. 2, 3, 5, 7 నాలుగింటితో పాసైతే, 321,50,31,751 కంటే చిన్న సంఖ్య నిస్సందేహంగా ప్రధాన సంఖ్యే. 2 నుంచి 37 దాకా ఉన్న 12 ప్రధాన సంఖ్యలతో పాసైతే, 2⁶⁴ కంటే చిన్నవన్నీ నిస్సందేహమే. రోజువారీ అవసరాలకు ఇంతకంటే అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను ఎక్కువగా చెప్పేది ఈ పన్నెండు సంఖ్యల పద్ధతే.

వాట్సాప్ మెసేజ్‌లను తాళం వేసే లెక్కలో వాడే 2²⁵⁵ − 19 అనే 77 అంకెల ప్రధాన సంఖ్యను కూడా ఇలా పరీక్షించి చూడండి, అన్నిటితోనూ పాసవుతుంది. అంత పెద్దదానికి పన్నెండు సంఖ్యల పరీక్ష ఒక్కటే రుజువు కాదు, రుజువుకు వేరే పద్ధతులున్నాయి. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఎంత పెద్ద సంఖ్యకైనా అనుమానం లేకుండా, అదుపు తప్పని సమయంలో తేల్చే దారి చూపించారు. వాళ్లలో ఇద్దరు అప్పుడే చదువు ముగించిన విద్యార్థులు. చేతిలో చేయడానికి అది బరువైన పద్ధతి కాబట్టి ఇక్కడ మెట్టుగా పెట్టలేదు.

మెట్టు 7. 2 ఘాతం మైనస్ 1 రూపంలో ఉంటే

వార్తల్లో వచ్చే "అతి పెద్ద ప్రధాన సంఖ్య" దాదాపు ఎప్పుడూ ఈ రూపంలోనే ఉంటుంది. మెర్సెన్ సంఖ్య అంటారు. ఘాతం ప్రధాన సంఖ్య కాకపోతే అక్కడే ఆపేయండి, అది సంయుక్తమే. ఘాతం బేసి ప్రధాన సంఖ్య అయితే ఈ చిన్న పరీక్ష ఉంది (లూకస్–లేమర్).

4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేసి, మెర్సెన్ సంఖ్యతో శేషం తీయండి. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేయాలి. చివర 0 వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఇందులో "బహుశా" లేదు.

2⁷ − 1 = 127కి, ఐదు సార్లు:
4 → 14 → 67 → 42 → 111 → 0.

నోటులో మీరూ చేసి చూడండి. 14 × 14 − 2 = 194, 127 తీసేస్తే 67. తర్వాతది 4487, దాంట్లోంచి 127 × 35 తీసేస్తే 42. ఒక్క అడుగు తప్పినా చివర సున్నా రావడం అరుదు, కాబట్టి సున్నా వచ్చిందంటే దాదాపు సరిగ్గానే చేసినట్టు. అడుగుల సంఖ్య మాత్రం లెక్కబెట్టుకోండి, ఎక్కువమంది ఒకటి తక్కువ చేసి ఆగిపోతారు.

చేతితో భాగించేవాళ్లకు ఒక వెసులుబాటు: ఈ రూపంలో ఉన్న సంఖ్యను భాగించేది ఏదైనా, ఘాతానికి రెట్టింపు గుణిజం కంటే ఒకటి ఎక్కువగానే ఉంటుంది. 2¹¹ − 1 = 2047కి 22 గుణిజం మీద ఒకటి: 23, 89. మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు. పైన వచ్చిన 2147483647 అంటే 2³¹ − 1. 1772లో స్విస్ గణితవేత్త ఆయిలర్ ఇలా వడపోసుకునే దాన్ని ప్రధాన సంఖ్య అని తేల్చాడు, ఏ యంత్రం లేకుండా.

ఎక్సెల్ పాడుచేసిన 147573952589676412927 కూడా ఇలాంటిదే, 2⁶⁷ − 1. ఇది సంయుక్తమని ఫ్రెంచ్ గణితవేత్త లూకస్ 1876లో చూపించాడు, కానీ కారణాంకాలు ఆయనకు దొరకలేదు. 1903లో అమెరికా గణితవేత్త కోల్ వాటిని పట్టుకున్నాడు: 193707721 × 761838257287. సంయుక్తమని తేల్చడం ఒక పని, కారణాంకాలు తీయడం వేరే పని. ఒకటి అయిందని రెండోది అవుతుందని ఆశపడకండి.

జవాబు తనిఖీ

సంయుక్తం అన్నారంటే కారణాంకాలను గుణించి చూడండి. పెద్దవైతే తొమ్మిదుల తనిఖీ చేయండి, అంటే ఒక్క అంకె మిగిలేదాకా అంకెలు కూడి పోల్చడం. కోల్ లెక్కకు: మొదటిదాని అంకెల మొత్తం 37, మళ్లీ కూడితే 10, అంటే 1. రెండోది 64, 10, 1. లబ్ధం 1 కావాలి. 2⁶⁷ − 1 అంకెల మొత్తం 109, 10, 1. సరిపోయింది. చివరి మూడంకెలూ చూడండి: 721 × 287 = 206927, చివర 927. అసలు సంఖ్య చివరా 927. ఈ రెండూ కలిసినంత మాత్రాన తప్పు లేదని రుజువైపోదు, కలవకపోతే మాత్రం తప్పు ఖాయం.

అంకెల సంఖ్య చూసుకునేటప్పుడు జాగ్రత్త. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ కనుగొన్న మెర్సెన్ ప్రధాన సంఖ్య ఘాతం 136279841. అంకెలు ఎన్నో తెలియాలంటే ఘాతాన్ని 2 లాగరిథంతో (10 ఆధారంగా తీసినది) గుణించి, చుక్క ముందు భాగానికి 1 కలపాలి. లాగ్ టేబుల్ చూసి 0.30103 వేస్తే 41024320.5 వచ్చి, జవాబు 41024321 అవుతుంది. అది తప్పు. 0.3010299957 వేస్తే 41024319.9, జవాబు 41024320. ఇదే సరైనది. ఐదు దశాంశాలు చాలవు, పది వేయండి.

దాని చివరి అంకె ఎవరినీ అడగకుండా మీరే చెప్పొచ్చు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతుంటాయి. 136279841ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి చివర 2, ఒకటి తీసేస్తే 1. నాలుగు కోట్ల పది లక్షల అంకెలున్న సంఖ్య చివరి అంకె అరనిమిషంలో మీ చేతిలో ఉంది.

నాగర్‌కర్నూల్ 509209 మీకు వదిలేస్తున్నాను. అంకెల మొత్తం 25, 3తో పోదు. గుంపుల తేడా 300, 7తోనూ 11తోనూ 13తోనూ పోదు. హద్దు 713, పట్టికలో చివరిది ఇక్కడా 709. 17 నుంచి మొదలుపెట్టండి, మొదటి శేషం 8 రావాలి.